పేడ నీళ్లలో కలవకముందే: 40 పశువుల డెయిరీలో నీటికీ కరెంటుకూ ఒకే లెక్క

ఈ డెయిరీలో 40 పశువులున్నాయి. వాటిలో 28 పాలిస్తున్నాయి. మిగతావి చూడి ఆవులు, వట్టిపోయినవి, పెయ్యలు. యజమాని నన్ను పిలిచేసరికి ఆయన దగ్గర రెండు కొటేషన్లు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి తాగునీటి ఆర్‌ఓ ప్లాంటుకు, రెండోది బ్యాటరీలతో కూడిన పెద్ద సోలార్ సెట్టుకు. రెండూ సరిగ్గా పనిచేసేవే. కానీ ఆ రెండూ కొంటే ఫారం కొన్నేళ్లపాటు అప్పు తీర్చడానికే పనిచేయాలి.

చివరికి రెండూ కొనలేదు. ఆవులు ఇప్పుడు ఇసుక ఫిల్టర్ నీళ్లు తాగుతున్నాయి. పాతదే అయిన డీజిల్ జనరేటర్‌లో మూడింట రెండు వంతుల డీజిల్ స్థానంలో గోబర్ గ్యాస్ కాలుతోంది. ఇది సాధ్యమైంది షెడ్డు కడిగే పద్ధతి మారడం వల్ల. చిన్న ఫారాల్లో నీటి సమస్యనూ కరెంటు సమస్యనూ విడివిడిగా చూస్తారు. నా అనుభవంలో రెండింటికీ మూలం ఒకే కాలువలో ఉంటుంది. ఆ కాలువ సంగతి కాస్త వివరంగా రాస్తున్నాను.

వెళ్లినప్పుడు ఉన్న పరిస్థితి

పొద్దున పాలు పితకడం అయిపోగానే ఒకాయన పైపు పట్టుకుని షెడ్డు మొత్తం కడుగుతున్నాడు. పేడంతా పచ్చటి నీళ్లయి కాలువలో పారుతూ గోబర్ గ్యాస్ గుంటలోకి పోతోంది. పొడవాటి కందకం తవ్వి, లోపల కట్టుబడి చేసి, పైన రబ్బరు షీటు కప్పిన గుంట అది. లోపలి ఘనపరిమాణం సుమారు 56 ఘనపు మీటర్లు. షీటు మాత్రం ఎప్పుడు చూసినా జారిపోయి ముడతలు పడి ఉండేదట. "మా దగ్గర గోబర్ గ్యాస్ పనిచేయదండీ, వదిలేశాం" అన్నాడు యజమాని. గుంటలోంచి పొంగిన నీళ్లు పక్కనే ఉన్న మట్టి గుంటలో చేరుతున్నాయి. ఆ మట్టి గుంటకు అడుగున ఏమీ వేయలేదు. దానికి ఇరవై అడుగులేస్తే బోరు.

బోరు నీటి పరీక్షలో లీటరుకు నైట్రేట్ 68 మిల్లీగ్రాములు, ఇనుము 1.2, కరిగిన లవణాలు 900 వచ్చాయి. లవణాల సంగతి చూస్తే పశువులకు 1000 లోపు ఏ ఇబ్బందీ లేదు. పెద్ద పశువులైతే 3000 దాకా తట్టుకుంటాయి. అంటే ఉప్పదనం తీయడం కోసం ఆర్‌ఓ అక్కర్లేదు. ఇనుము రుచిని పాడుచేస్తుంది, ఆవు తాగాల్సినంత తాగదు. పాలలో 87 శాతం నీరే కాబట్టి ఆ తేడా పాల క్యానులో కనిపిస్తుంది. అంతకంటే ముఖ్యమైనది నైట్రేట్. ఆవు కడుపులోని సూక్ష్మజీవులు నైట్రేట్‌ను నైట్రైట్‌గా మారుస్తాయి. అది రక్తంలోకి చేరితే హిమోగ్లోబిన్ ఆక్సిజన్ మోయలేదు. తీవ్రమైన కేసుల్లో రక్తం చాక్లెట్ రంగుకు తిరుగుతుంది. లీటరుకు 44 మిల్లీగ్రాముల దాకా భయం లేదు. అది దాటి 130 దాకా మేతను బట్టి ఉంటుంది. యూరియా ఎక్కువ వేసిన పచ్చిమేతలోనూ నైట్రేట్ ఉంటుంది, రెండూ కలిస్తే ప్రమాదం. చూడి ఆవుల విషయంలో ఆ రిస్కు తీసుకోకూడదు.

ఆర్‌ఓ నైట్రేట్‌ను తీస్తుంది, నిజమే. అయితే ఆ నైట్రేట్ ఎక్కడిది? మట్టి గుంటలోంచి రోజూ భూమిలోకి దిగుతున్న పేడ నీళ్లదని అనుమానించడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. పైన మిషన్ పెట్టి తీస్తూ, కింద అదే నైట్రేట్‌ను బోరులోకి పంపుతూ ఉంటే ఆ ఖర్చుకు అంతు ఉండదు.

తర్వాత తాగే తొట్ల దగ్గరికి వెళ్లాను. తొట్టి లోపలి గోడ మీద వేలితో రాస్తే జారుడుగా, దట్టంగా పాచి చేతికి వచ్చింది. కింద నానిన మేత తుక్కు. బోరు నీటిలో కంటే ఈ తొట్టి నీటిలోనే కోలిఫాం బ్యాక్టీరియా (నీటిలో పేడ లాంటి మలినం కలిసిందనడానికి గుర్తు) చాలా ఎక్కువగా తేలింది. దూడలకు తరచూ పారుడు వస్తోందని మందులు వాడుతున్నారు. తొట్టి రుద్ది కడిగి ఎన్నాళ్లయిందంటే ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. ఏ ఫారానికి వెళ్లినా నేను నీటి నమూనా రెండు చోట్ల తీస్తాను, మూలం దగ్గర ఒకటి, ఆవు మూతి పెట్టే చోట ఒకటి.

గ్యాస్ ఎందుకు రాలేదు

రోజుకు చేతికందే పేడ తూకం వేస్తే 700 కిలోలు వచ్చింది. తాజా పేడ కిలోకు 35 నుంచి 40 లీటర్ల గ్యాస్ వస్తుంది. తక్కువ అంకెతో లెక్కేసినా రోజుకు 24 ఘనపు మీటర్లు రావాలి. రాకపోవడానికి కారణం పైపు. షెడ్డు కడగడానికి రోజుకు 4000 లీటర్లు పోస్తున్నారు. పేడతో కలిపి రోజుకు 4.7 ఘనపు మీటర్లు గుంటలోకి వెళ్తోంది. 56 ని 4.7 తో భాగిస్తే 12. అంటే లోపలికి వెళ్లిన పేడ 12 రోజుల్లో బయటికి వచ్చేస్తోంది. మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులు చాలా నెమ్మదిగా పెరుగుతాయి. వాటి సంఖ్య రెట్టింపు కావడానికే చాలా రోజులు పడుతుంది. అవి పెరిగేలోగా నీళ్లతోపాటు కొట్టుకుపోతున్నాయి.

అదే 700 కిలోల పేడకు 700 లీటర్ల నీళ్లు మాత్రమే కలిపితే రోజుకు 1.4 ఘనపు మీటర్లు. అప్పుడు అదే గుంటలో పేడ 40 రోజులు నిలుస్తుంది. స్లర్రీలో, అంటే పేడా నీళ్లూ కలిసిన జావలో, ఘనపదార్థం 3 శాతం లోపు నుంచి 9 శాతానికి పెరుగుతుంది. కొత్త గుంట కట్టనక్కర్లేదు, ఉన్న గుంటే సరిపోతుంది. ఇంకో లాభం, పొంగి బయటికి వచ్చే మురుగు కూడా మూడో వంతుకు తగ్గుతుంది. బోరును పాడుచేస్తున్నది ఆ మురుగే కదా.

లెక్క కాగితం మీద సులభమే. షెడ్డులో అమలు చేయడమే కష్టం. "సార్, పైపు పడితే పది నిమిషాల పని. పార పడితే అరగంట, పైగా నడుం విరుగుతుంది" అని కడిగే ఆయన ముఖం మీదే చెప్పాడు. ఆ మాటలో న్యాయం ఉంది. పని పెంచే పద్ధతి ఏదైనా నెల తిరిగేసరికి పాతదానికి వచ్చేస్తుంది. అందుకని పేడ ఎత్తే అవసరం లేకుండా చేశాం. కలిపే తొట్టిని షెడ్డు చివర, నేల మట్టానికి దిగువన కట్టించాం. వెడల్పాటి రబ్బరు అంచు ఉన్న తోపుడు పలకతో పేడను నెట్టుకుంటూ పోతే నేరుగా తొట్టిలో పడుతుంది. పైపు చివర నొక్కితేనే నీళ్లొచ్చే గన్ పెట్టాం. ముందు పేడ నెట్టడం, ఆ తర్వాతే నీళ్లు. షెడ్డు కడిగే నీళ్లు 4000 లీటర్ల నుంచి 1500 కు దిగాయి. ఆ కడిగిన నీళ్లకు కాలువ వేరు చేశాం.

పేడలో కలపడానికి కూడా మంచినీళ్లు వాడటం లేదు. పాలు పితికే మిషన్, క్యాన్లు మొదటిసారి కడిగిన నీళ్లలో పాలు ఉంటాయి. పాలు మురుగులో కలిస్తే నీటిలోని ఆక్సిజన్‌ను విపరీతంగా తినేస్తాయి. అదే గుంటలో పడితే గ్యాస్ అవుతుంది. కాబట్టి మొదటి కడుగు నీళ్లు పేడలోకి, చాలకపోతే షెడ్డు కడిగిన నీళ్లు. సబ్బు, యాసిడ్, క్లోరిన్ వేసి కడిగిన నీళ్లు మాత్రం గుంట ఛాయలకు పోకూడదు. వాటికి ఒక వాల్వు తిప్పితే దారి మారేలా పైపు వేశాం.

గుంట పూడిక, ప్రాణాల సంగతి

ఏళ్ల తరబడి కొట్టుకొచ్చిన ఇసుక, మట్టి గుంట అడుగున గట్టిపడి ఉంది. దాన్ని తీయాలి. ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. పేడ గుంటలోకి మనిషి దిగకూడదు. హైడ్రోజన్ సల్ఫైడ్ కొద్దిగా ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. గాలిలో 100 పీపీఎం (పది లక్షల భాగాల్లో 100) స్థాయికి వస్తే ముక్కు ఆ వాసన పట్టడం మానేస్తుంది. వాసన పోయింది కదా అని దిగినవాడు కుప్పకూలతాడు. కాపాడదామని దిగిన రెండోవాడూ, మూడోవాడూ పోతారు. ఇలాంటి ప్రమాదాల్లో చనిపోయేవాళ్లలో చాలామంది రక్షించడానికి వెళ్లినవాళ్లే. ఇక్కడ షీటు పూర్తిగా తీసేసి, రోజుల తరబడి గాలి ఆడనిచ్చి, బురద పంపుతోనూ పైనుంచి పొడవాటి కర్రల పారలతోనూ పూడిక తీయించాం. ఎవరినీ దించలేదు. పూడికను కదిపినప్పుడు లోపల చిక్కుకున్న గ్యాస్ ఒక్కసారిగా బయటపడుతుంది కాబట్టి, గుంట తెరిచి ఉంది కదా అని ధీమాగా ఉండకూడదు.

తర్వాత పనిచేస్తున్న మరో గుంటలోంచి తెచ్చిన స్లర్రీని తోడులా వేసి, పేడ మోతాదు నెమ్మదిగా పెంచుకుంటూ పోయాం. మొదట వచ్చే గ్యాస్‌లో గాలి, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ. దాన్ని వెలిగించి చూసే సరదా వద్దు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది. ఆ మొదటి గ్యాస్‌ను ఆరుబయట, నిప్పుకు దూరంగా వదిలేశాం.

గ్యాస్ ఎక్కడ వాడాలి

కరెంటు అనగానే అందరి చూపూ జనరేటర్ మీదికి పోతుంది. నేను ముందు గీజర్ చూస్తాను. ఈ ఫారంలో మిషన్, క్యాన్లు కడగడానికి రోజుకు 200 లీటర్ల వేడి నీళ్లు కావాలి. 25 డిగ్రీల నుంచి 75 కు వేడి చేయడానికి 11.6 యూనిట్లు. పాలు పితికే మిషన్‌కు రోజుకు 6 యూనిట్లు, పాలు చల్లబరిచే కూలర్‌కు 7. అంటే షెడ్డులో చప్పుడు చేసే ఏ మోటారు కంటే గోడకు తగిలించిన గీజరే ఎక్కువ కరెంటు తింటోంది.

ఒక ఘనపు మీటరు గోబర్ గ్యాస్‌లో సుమారు 6 యూనిట్ల వేడి ఉంటుంది. బర్నర్ మీద మండిస్తే అందులో సగానికి పైగా నీళ్లకు చేరుతుంది. అదే గ్యాస్‌ను ఇంజన్‌లో కాల్చి కరెంటు తీస్తే ఒకటిన్నర యూనిట్ కూడా కష్టం. అందుకని మొదటి గ్యాస్ కనెక్షన్ నీళ్ల బాయిలర్‌కు ఇచ్చాం. దానికి రోజుకు మూడున్నర ఘనపు మీటర్లు సరిపోతాయి. పనివాళ్ల వంటకు మరో రెండు. గీజర్ తీసేయడంతో మొత్తం కరెంటు అవసరమే పడిపోయింది. పెద్ద సోలార్ సెట్టు కొటేషన్‌లో ఆ గీజర్ లోడు కూడా కలిసి ఉంది.

ఇక జనరేటర్. ఇక్కడ లైను కరెంటు ఉంది కానీ పాలు పితికే వేళకు పోతుంటుంది. రోజుకు నాలుగు గంటలు 10 కేవీఏ డీజిల్ సెట్టు నడుపుతూ 7 లీటర్ల దాకా డీజిల్ పోస్తున్నారు. ఆవులను తెల్లవారకముందు, చీకటి పడే వేళ పితుకుతారు. రెండు పూటలా ఎండ ఉండదు. సోలార్‌తో ఆ పని జరగాలంటే బ్యాటరీలు తప్పవు, బ్యాటరీలు కొన్నేళ్లకోసారి మార్చక తప్పదు. గ్యాస్ అలా కాదు. రాత్రంతా షీటు కింద చేరి, కావాల్సిన వేళకు సిద్ధంగా ఉంటుంది.

డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు కాబట్టి గ్యాస్ ఒక్కదానితో నడవదు. గాలి లోపలికి పోయే పైపులో గ్యాస్ కలిపే మిక్సర్ పెట్టి, కొద్దిపాటి డీజిల్‌ను నిప్పు రాజేయడానికి ఉంచుతాం. ఇంజన్‌లో వేరే మార్పేమీ లేదు. గ్యాస్ వాల్వు నెమ్మదిగా తెరుస్తుంటే ఇంజన్ వేగం పెరగబోతుంది. ఇంజన్ వేగాన్ని అదుపులో ఉంచే భాగం, గవర్నర్, దాన్ని పసిగట్టి డీజిల్ తగ్గిస్తుంది. మరీ ఎక్కువ తెరిస్తే టకటకమని లోహం కొట్టుకున్నట్టు శబ్దం వస్తుంది. ఆ శబ్దం రాగానే వాల్వు కాస్త వెనక్కి తిప్పాలి. షెడ్డు కడిగే ఆయనే ఇప్పుడు ఆ శబ్దాన్ని చెవితో పట్టేస్తున్నాడు. గ్యాస్ అయిపోతే ఇంజన్ దానంతటదే పూర్తి డీజిల్‌కు మారిపోతుంది, పాలు పితకడం మధ్యలో ఆగదన్న ధైర్యం ఉంటుంది. చిన్న ఫారానికి ఈ పద్ధతి నచ్చడానికి నాకు ఇదే పెద్ద కారణం.

తక్కువ లోడు మీద ఈ పద్ధతి బాగా పనిచేయదు, గ్యాస్‌లో కొంత కాలకుండానే పొగగొట్టంలోంచి పోతుంది. అందుకే పాల మిషన్, కూలర్ ఒకేసారి నడిపి, పితకడం అయ్యాక గడ్డి కోసే మిషన్ వేసేలా వరస మార్చాం. లోడు 5 కిలోవాట్ల దగ్గర నిలకడగా ఉంటోంది. డీజిల్ రోజుకు రెండున్నర లీటర్లకు దిగింది. గ్యాస్ వాడకం 10 ఘనపు మీటర్లు. అంతా కలిపితే పదిహేనున్నర. వచ్చేది 24 కదా, మిగతాది వృథా కాదా అంటే, చలికాలంలో గ్యాస్ మూడో వంతు పడిపోతుంది. చలికాలపు అంకెకే లోడు సరిచూసుకున్నాం. ఎండాకాలం మిగిలే గ్యాస్‌ను ఊరికే గాలిలోకి వదలకూడదు. వాతావరణాన్ని వేడెక్కించడంలో వందేళ్ల లెక్కన మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్లు బలమైనది. దూడల పాల బకెట్లు, తొట్లు కూడా వేడి నీళ్లతో కడగడానికి ఆ మిగులు వాడుతున్నారు. ఇంకా మిగిలితే బర్నర్‌లో కాల్చేస్తున్నారు.

ఇంజన్‌ను తినేసేది గ్యాస్‌లోని హైడ్రోజన్ సల్ఫైడ్. తుప్పు పట్టిన ఇనుప తరుగు నింపిన రెండు గొట్టాల్లోంచి గ్యాస్‌ను పంపుతున్నాం. తుప్పు ఆ సల్ఫర్‌ను పట్టుకుంటుంది. నిండిపోయిన తరుగును బయట పలచగా పరిచి తడుపుతూ ఆరబెడితే గాలి తగిలి మళ్లీ పనికొస్తుంది. కుప్పగా పోస్తే మాత్రం వేడెక్కి నిప్పు అంటుకుంటుంది. ఫిల్టర్ పనిచేస్తోందో లేదో తెలియడానికి బయటికొచ్చే గ్యాస్‌లో మెరిసే రాగి తీగ వేలాడదీశాం. త్వరగా నల్లబడితే గొట్టం మార్చే సమయం వచ్చినట్టే. ఇంజనాయిల్ కూడా డీజిల్ రోజుల కంటే సగం గంటలకే మారుస్తున్నారు. దీంట్లో పిసినారితనం చూపిస్తే మిగిలిందంతా బేరింగుల ఖర్చుకు పోతుంది.

ఒకసారి షీటు ఉబ్బి ఉన్నా ఇంజన్‌కు గ్యాస్ అందలేదు. పైపు కింద మట్టి కుంగి, వంపులో నీళ్లు నిలిచాయి. గోబర్ గ్యాస్ ఎప్పుడూ తడిగా వస్తుంది. పైపంతా ఒకవైపు వాలుగా వేసి, దిగువన నీళ్లు దిగే ట్రాప్ పెట్టాలి.

తాగునీరు

ఫారానికి ఒక వాన నీటి చెరువు ఉంది. అందులో నైట్రేట్ నామమాత్రం, కానీ నీళ్లు మురికి. బోరు నీళ్లు తేట, కానీ నైట్రేట్. రెండూ కలిపితే నైట్రేట్ 44 కిందికి వస్తోంది. బోరు నీళ్లను చిల్లుల పళ్లేల మీదుగా జల్లులా పడేస్తే ఇనుము గాలి తగిలి ఎర్రటి మడ్డిగా దిగిపోతుంది. చెరువు నీళ్లు తేరుకునే తొట్టిలో ఒక పగలు నిలుస్తాయి. వాన రోజుల్లో బురదగా ఉంటే కొద్దిగా పటిక. తర్వాత రెండూ నెమ్మది ఇసుక ఫిల్టర్‌లోకి.

ఈ ఫిల్టర్ కొత్తదేమీ కాదు. 1804 లో స్కాట్లాండ్‌లోని పైస్లీలో మొదలైంది. 1892 లో జర్మనీలోని హాంబర్గ్‌లో కలరా వేల మందిని చంపినప్పుడు, అదే ఎల్బె నది నీళ్లు తాగే పక్క పట్టణం ఆల్టోనా చాలావరకు బయటపడింది. ఆల్టోనా ఆ నీటిని ఇసుకలో వడకట్టేది, హాంబర్గ్ వడకట్టేది కాదు. ఇసుక పైపొరలో రెండు మూడు వారాల్లో ఒక జిగురు పొర ఏర్పడుతుంది. అందులోని జీవులే బ్యాక్టీరియాను తినేస్తాయి. కరెంటు లేదు, మందు లేదు.

తాగడానికి 3000 లీటర్లు, పాల గదికి 1000, దూడలకూ ఇతరత్రా కలిపి రోజుకు 5000 లీటర్లు కావాలి. గంటకు ఇసుక మీద 10 నుంచి 20 సెంటీమీటర్ల నీరు మాత్రమే దిగాలి. ఒక మీటరు వ్యాసమున్న సిమెంటు రింగులతో రెండు ఫిల్టర్లు కట్టాం. 24 గంటలూ నడిస్తే గంటకు 13 సెంటీమీటర్లు పడుతోంది. రెండు ఎందుకంటే, ఒకదాని పైపొర గీకేటప్పుడు రెండోది నడవాలి. నీరు దిగడం మందగిస్తే పైన ఒకటి రెండు సెంటీమీటర్ల ఇసుక గీకి తీస్తారు. ఇసుక ఎప్పుడూ ఆరిపోకూడదు, ఆరితే ఆ పొర చచ్చిపోతుంది. అందుకే బయటికొచ్చే పైపును ఇసుక మట్టం కంటే పైకి లేపి పెట్టాం.

దూడల నీళ్లకు, పాల గది నీళ్లకు మాత్రం చివర క్లోరిన్ వేస్తున్నాం. వెయ్యి లీటర్లకు 2 గ్రాముల క్లోరిన్, అంటే 33 శాతం బలమున్న బ్లీచింగ్ పౌడర్ 6 గ్రాములు. అరగంట ఆగాక లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాములు మిగలాలి. డబ్బా మూత తెరిచి పెడితే పౌడర్ బలం పోతుంది, కాబట్టి తూకం ఒక్కటే నమ్మకుండా పరీక్ష కిట్టుతో చూసుకోవాలి.

నీళ్లు ఎక్కించడానికి బోరులో ఉన్న 5 హెచ్‌పీ మోటారు పక్కన పెట్టి, 1 హెచ్‌పీ సోలార్ మోటారు దించాం. వాడకం తగ్గింది కాబట్టి పగలంతా నిదానంగా తోడితే చాలు. ట్యాంకు నిండితే అదే నిల్వ, దీనికి బ్యాటరీ అక్కర్లేదు. ఎండతో చేసే పని ఇలా ఆగినా నష్టం లేనిదై ఉండాలి.

తొట్లకు అడుగున వెడల్పాటి బిరడా పెట్టించాం. వంచకుండానే ఖాళీ అవుతాయి కాబట్టి వారానికి రెండుసార్లు రుద్ది కడుగుతున్నారు. దూడల పారుడు తగ్గింది. అందులో ఫిల్టర్ వాటా ఎంత, బ్రష్ వాటా ఎంత అని విడదీయలేను. రెండూ అవసరమే.

మిగిలిన పనులు

సబ్బు నీళ్లు, మిగతా కడుగు నీళ్లు తేరుకునే తొట్టి దాటి, కంకర నింపి జమ్ము, మెట్టతామర నాటిన మడిలోంచి మేత పొలానికి పోతున్నాయి. మట్టి గుంట పూడ్చేశారు. గోబర్ గ్యాస్ గుంటలోంచి వచ్చే స్లర్రీ ఇప్పుడు షీటు పరిచిన తొట్టిలో చేరుతోంది. గ్యాస్ తీసినంత మాత్రాన పేడలోని నత్రజని ఎక్కడికీ పోదు, అమ్మోనియా రూపంలో అలాగే ఉంటుంది. కాబట్టి స్లర్రీని మేత పొలానికి ఎరువుగా వేసినప్పుడు ఆ మేరకు యూరియా తగ్గించాలి. లేకపోతే అదే నైట్రేట్ మేతలోంచి మళ్లీ ఆవు కడుపులోకి వస్తుంది. ఈ లెక్క యజమానికి ఇంకా పూర్తిగా అలవాటు కాలేదు, పాత మోతాదు మీదే చెయ్యి పోతోంది.

బోరులో నైట్రేట్ వెంటనే తగ్గదు. భూమిలోకి దిగినది కదలడానికి సీజన్లు పడుతుంది. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి పరీక్ష చేయిస్తున్నారు. అది 44 కిందికి దిగేదాకా చెరువు నీళ్లు కలపడం ఆపవద్దని, ఎండాకాలంలో చెరువు అడుగంటుతుంటే మిగిలిన నీళ్లను చూడి ఆవులకూ దూడలకూ కేటాయించమని రాసి పాల గది తలుపుకు అతికించాం.